బోర్ చేయించిన పాత ఇంజన్‌కు ఏ ఆయిల్ పోయాలి

ఇంజన్ పని అయిపోయి, హెడ్ బిగించి, ఆయిల్ ఛాంబర్ నట్టు టైట్ చేశాక వరంగల్ ఆటోనగర్‌లోనైనా, నర్సంపేట రోడ్డు పక్క షెడ్డులోనైనా వినిపించే మాట ఒకటే: "బోర్ జేసిన ఇంజన్ గదన్నా, జర సిక్కటి ఆయిల్ పొయ్యి." పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. చిక్కటి ఆయిల్ అరిగిపోయిన ఇంజన్‌కు చేసే ఉపాయం. రింగులు అరిగి, బేరింగులు వదులై, పొగ కక్కుతున్న బండిని ఇంకో సీజన్ నెట్టుకురావడానికి 20డబ్ల్యూ-50 పోస్తారు. కొన్నాళ్లు అది పనిచేస్తుంది కూడా. కానీ అదే ఇంజన్‌ను విప్పి, సిలిండర్ బోర్ చేసి, కొత్త పిస్టన్ వేసి, క్రాంక్ గ్రైండ్ చేసి, కొత్త బేరింగులు కూర్చోబెట్టాక లోపలి సందులన్నీ మళ్లీ కంపెనీ కొలతలకు వచ్చేస్తాయి. బండి 1995 నాటిదైనా దాని బేరింగు సందు ఇప్పుడు కొత్తది. ఆయిల్ పనిచేసేది ఆ సందులోనే కాబట్టి, ఏ ఆయిల్ పోయాలన్న లెక్క కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

లేత్ షాపులో అడిగి రాసుకోవాల్సినవి

బిల్లు తీసుకుని వచ్చేయకండి. మూడు కొలతలు అడిగి కాగితం మీద రాయించుకోండి: పిస్టన్ ఏ సైజు వేశారు (అసలు సైజు కంటే 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్దది), క్రాంక్ ఎంత గ్రైండ్ చేశారు (10 థౌ, 20 థౌ, 30 థౌ; థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), బేరింగు పెట్టి బిగించాక సందు ఎంత వచ్చింది. మొదటి రెండూ ఎవరైనా చెప్తారు. ఆయిల్‌కు అసలు కావాల్సింది మూడోది, దాన్నే చాలామంది కొలవరు.

షాపువాళ్లు కొలవకపోతే బిగించేటప్పుడు మీ మెకానిక్‌తో కొలిపించండి. ప్లాస్టిగేజ్ అని సన్నటి మైనపు దారంలాంటిది స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది. జర్నల్‌ను (క్రాంక్ మీద బేరింగు కూర్చునే చోటు), బేరింగు షెల్‌ను ఆయిల్ తడి లేకుండా తుడవాలి. దారం ముక్కను జర్నల్ మీద పొడవుగా, షాఫ్ట్ దిశలోనే పెట్టి, క్యాప్ వేసి, టార్క్ రెంచ్‌తో పుస్తకంలో చెప్పినంత బిగించాలి. ఈ మధ్యలో క్రాంక్‌ను ఒక్క అంగుళం కూడా తిప్పకూడదు. తిప్పితే దారం చెదిరి కొలత తప్పుతుంది. మళ్లీ విప్పి చూస్తే దారం చపాతీలా అణిగి ఉంటుంది. ప్యాకెట్ మీది గీతల పక్కన పెట్టి దాని వెడల్పు సరిచూస్తే సందు తెలిసిపోతుంది. ఎక్కువ వెడల్పుగా అణిగితే సందు తక్కువ, సన్నగా ఉంటే సందు ఎక్కువ. ఒక చివర వెడల్పుగా, రెండో చివర సన్నగా ఉంటే గ్రైండింగ్ ఒక పక్కకు వాలుగా (టేపర్) వచ్చిందని అర్థం. ఏ ఆయిల్ పోసినా ఆ లోపం పోదు, క్రాంక్ వెనక్కి పంపాల్సిందే.

మెకానిక్కులు వాడే మోటు లెక్క ఒకటుంది. షాఫ్ట్ ఒక అంగుళం లావుకు ఒక థౌ సందు. ఒక థౌ 0.0254 మి.మీ. రెండంగుళాల జర్నల్‌కు 2 థౌ, అంటే 0.05 మి.మీ. ఇది మాన్యువల్‌కు ప్రత్యామ్నాయం కాదు. మాన్యువల్ దొరకనప్పుడు పక్కనుండే తోడు. సందు 0.025 నుంచి 0.05 మి.మీ. లోపు వస్తే 30 లేదా 40 గ్రేడ్ ఆయిల్ సరిపోతుంది. 0.05 నుంచి 0.075 వరకు ఉంటే 40, బండి బరువు పని చేసేదైతే 50. అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే షెల్ సైజు తప్పు పడి ఉంటుంది, లేదా గ్రైండింగ్ ఎక్కువైంది. దాన్ని చిక్కటి ఆయిల్‌తో కప్పిపెట్టకండి. ఇప్పుడు విప్పితే నాలుగు గంటల పని, ఆరు నెలల తర్వాత విప్పితే క్రాంక్ కూడా కొత్తది కొనాలి.

క్రాంక్ ముట్టుకోకుండా రింగులు మాత్రం మార్చి, హోనింగ్ కొట్టించే (సిలిండర్ గోడ మీద రాయితో సన్నటి గీతలు పెట్టించే) హాఫ్ ఇంజన్ పని వేరు. పైన కొత్త, కింద పాత. అలాంటి ఇంజన్‌లో బేరింగు సందు పాతదే కాబట్టి కంపెనీ చెప్పిన గ్రేడ్ కంటే ఒక మెట్టు పైకి, 40 చోట 50కి, వెళ్లడంలో తప్పు లేదు. అయితే ఛాంబర్ దించి అడుగున పేరుకున్న మడ్డిని, పంపు జాలీని కడిగాకే కొత్త ఆయిల్ పోయాలి. ఈ రోజుల్లో వచ్చే ఆయిళ్లలో మడ్డిని కరిగించే మందు గట్టిగా ఉంటుంది. కడగని ఛాంబర్‌లో అది పాత మడ్డిని పెళ్లలుగా లేపి జాలీకి అడ్డం పెడుతుంది.

చిక్కదనం ఎందుకు ఎదురు తిరుగుతుంది

ప్రెషర్ మీటర్ ముల్లు పైకి లేస్తే మనసుకు ధైర్యంగా ఉంటుంది. కానీ ప్రెషర్ అంటే ఆయిల్ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, అంతే. బిగుతు సందుల్లోకి చిక్కటి ఆయిల్ నెడితే అడ్డు పెరుగుతుంది, ముల్లు లేస్తుంది, పంపు పక్కనున్న రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, బేరింగుకు వెళ్లాల్సిన ఆయిల్‌లో కొంత తిరిగి ఛాంబర్‌లోకే పడిపోతుంది. సిలిండర్ గోడకు, పిస్టన్ పిన్నుకు చాలా ఇంజన్లలో వేరే పైపు ఉండదు. క్రాంక్ బేరింగుల పక్కల నుంచి చిమ్మే ఆయిలే వాటికి దిక్కు. ఆ చిమ్మడం తగ్గిందంటే కొత్త రింగులు కొత్త గోడ మీద పొడిగా గీసుకుంటాయి. పైగా చిక్కటి ఆయిల్ బిగుతు సందులో రాపిడికే వేడెక్కుతుంది, బేరింగులో పుట్టిన వేడిని త్వరగా బయటికి మోయలేదు.

పొద్దున మొదటి స్టార్ట్ ఇంకా ముఖ్యం. 40 డిగ్రీల దగ్గర 10డబ్ల్యూ-30 చిక్కదనం దాదాపు 70 సెంటీస్టోక్‌లు, 15డబ్ల్యూ-40ది 110 దాకా, 20డబ్ల్యూ-50ది 150 పైన. జనవరి పొద్దున హన్మకొండలో 15 డిగ్రీలకు, ఆదిలాబాద్‌లో 10 లోపుకు దిగినప్పుడు ఈ తేడా కొన్ని రెట్లవుతుంది. ఆయిల్ రాకర్ల దాకా ఎక్కడానికి పట్టే ఆ కొన్ని సెకన్లే క్యామ్‌ను తినేవి.

డబ్బా మీది అంకెలు

20డబ్ల్యూ-50లో డబ్ల్యూ ముందున్న అంకె చలికి, వెనకున్నది వేడికి. 15డబ్ల్యూ అన్న ముద్ర పడాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకు మైనస్ 15 దగ్గర ఇంజన్ తిప్పగలిగేంత పలచగా ఉండాలి. మన దగ్గర అంత చలి ఎప్పుడూ పడదు కాబట్టి స్టార్ట్ అవుతుందా లేదా అన్న బెంగ అక్కర్లేదు. ఆ అంకె చెప్పేది ఆయిల్ ఎంత త్వరగా పైకి ఎక్కుతుందన్నదే.

రెండో అంకెను 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీల ఎండ అన్నా నీళ్లతో చల్లారే ఇంజన్‌లో థర్మోస్టాట్, రేడియేటర్ బాగుంటే ఆయిల్ వేడి పెద్దగా మారదు. ఎండకు నిజంగా లొంగేది గాలితో చల్లారే ఇంజన్. ట్రాఫిక్‌లో నిలబడ్డ బుల్లెట్‌కు, ఎక్కువ మందిని ఎక్కించుకుని గుట్ట ఎక్కే ఆటోకు ఆ 50 పనికొస్తుంది. రేడియేటర్ ఉన్న కారుకు ఎండాకాలం అని గ్రేడ్ మార్చాల్సిన పని లేదు. ముందు రేడియేటర్ కడిగించండి.

ఊళ్లలో ఇప్పటికీ "40 నంబర్ ఆయిల్" అని అడుగుతారు. డబ్ల్యూ లేని ఆ సింగిల్ గ్రేడ్ ఆయిల్ పాత పంపు ఇంజన్లకు, పాత ట్రాక్టర్లకు రాసిపెట్టినది. మన వాతావరణంలో నడుస్తుంది కానీ చాలావాటిలో ఏపీఐ గ్రేడ్ (ఆయిల్ నాణ్యతకు అమెరికా పెట్రోలియం సంస్థ ముద్ర; పెట్రోల్ ఇంజన్‌వి ఎస్‌తో, డీజిల్‌వి సీతో మొదలవుతాయి) పాతదై ఉంటుంది. అదే డబ్బుకు మంచి 15డబ్ల్యూ-40 దొరుకుతున్నప్పుడు దాన్ని వెతుక్కోనక్కర్లేదు.

జింక్ సంగతి

పాత ఇంజన్ల విషయంలో గ్రేడ్ అంత ముఖ్యమైనది ఇది. క్యామ్‌షాఫ్ట్ కన్ను ట్యాపెట్ మీద రోలర్ లేకుండా రుద్దుకుంటూ తిరిగే ఇంజన్లు, అంబాసిడర్, పాత జీపులు, పోత ఇనుము బుల్లెట్ లాంటివి, ఆ చోట ఆయిల్ పొర నిలవక లోహానికి లోహం తగిలే ఇంజన్లు. అక్కడ కాపాడేది ఆయిల్‌లో కలిపిన జింక్-ఫాస్ఫరస్ మందు, జెడ్‌డీడీపీ. రాపిడి వేడికి అది లోహం మీద గాజులాంటి పలుచటి పూత కడుతుంది.

కొత్త కార్ల సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుందని పెట్రోల్ ఆయిళ్లలో దాన్ని తగ్గిస్తూ వచ్చారు. ఏపీఐ ఎస్ఎమ్ వచ్చిన 2004 నుంచి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదు. ఈ గరిష్ఠ హద్దు 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు వర్తించదు. అందుకే "ఎస్ఎన్ అని రాసుంటే జింక్ లేనట్టే" అన్న మాటను గ్రేడ్ చూడకుండా నమ్మకండి. డీజిల్ ఆయిళ్లలో సీఐ-4 రకాలకు సాధారణంగా 0.10 శాతానికి పైనే ఉంటుంది. సీజే-4, సీకే-4లకు 0.12 శాతం హద్దు. డబ్బా మీద సీఐ-4తో పాటు ఎస్ఎల్ అని కూడా ఉన్న 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ అంబాసిడర్‌కు, పెట్రోల్ జీపుకు చక్కగా సరిపోతుంది. వేరే జింక్ సీసాలు కొని కలపకండి. మోతాదు మించితే అదే మందు క్యామ్ లోహాన్ని కొరుకుతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండ్లకు మాత్రం మాన్యువల్‌లో ఉన్న పెట్రోల్ గ్రేడే పోయండి.

మొదటి ఆయిల్ మినరల్ ఆయిలే

కొత్త రింగులు, హోనింగ్ గీతలున్న గోడ ఒకదాన్నొకటి కొంచెం అరగదీసుకుంటేనే సీలు పడుతుంది. ఈ పని మొదటి కొన్ని గంటల్లో జరిగిపోవాలి. అప్పుడు జారుడు మందు ఎక్కువున్న ఫుల్ సింథటిక్ పోస్తే రింగు గోడ మీద జారుతూ ఉండిపోతుంది, గీతలు అరగకుండానే పైన లక్కలాంటి మెరుపు పూత కడుతుంది. దాన్నే గ్లేజింగ్ అంటారు. గ్లేజ్ పట్టిన సిలిండర్ నీలి పొగ వదులుతుంది, ఆయిల్ తింటుంది, ఎన్ని వేల కిలోమీటర్లు నడిపినా తగ్గదు. మళ్లీ విప్పి హోనింగ్ కొట్టించి కొత్త రింగులు వేయాల్సిందే. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే సింథటిక్ పోసి పంపుతాయి నిజమే, కానీ ఆ గోడల నునుపు, రింగుల రకం వేరు. మన లేత్ షాపు హోనింగ్‌కు మినరల్ ఆయిలే నమ్మకం.

ఆయిల్ పోయకముందు ఒక్క మాట. హోనింగ్ రాయి వదిలిన సన్నటి గరుకు పొడి సిలిండర్ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో కడిగితే పోదు. వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, బ్రష్ పట్టుకుని రుద్దాలి. ఆరబెట్టి వెంటనే, తుప్పు పట్టకముందే, ఆయిల్ తడిపిన తెల్ల గుడ్డతో తుడవాలి. గుడ్డ మీద బూడిద రంగు మరక కనిపిస్తే మళ్లీ సబ్బు నీళ్లు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. ఈ మెట్టు దాటేసిన ఇంజన్‌లో ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా రింగులు ఏడాది నిలవవు.

బిగించేటప్పుడు బేరింగులకు, పిస్టన్ పిన్నుకు అదే ఇంజన్ ఆయిల్, క్యామ్ కన్నులకు, ట్యాపెట్ అడుగుకు మాలిబ్డినం పేస్ట్ రాయండి. రింగుల మీద పేస్ట్ పడనివ్వకండి. అక్కడ పలచగా ఆయిల్ ఒక్కటే చాలు.

మొదటిసారి స్టార్ట్

ఫిల్టర్ నిలువుగా ఉండే రకమైతే ముందు దాన్ని ఆయిల్‌తో నింపి బిగించండి. పెట్రోల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గులు విప్పి, డీజిల్‌కు స్టాప్ రాడ్ లాగిపెట్టి, సెల్ఫ్‌తో ఒక్కోసారి 10 సెకన్లు తిప్పండి, నిమిషం ఆగండి, మళ్లీ తిప్పండి. ప్రెషర్ మీటర్ ముల్లు కదిలేదాకా, లేదా ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్ట్ చేయకూడదు. ఐదారుసార్లకు కూడా ముల్లు లేవకపోతే పంపు గాలి పట్టింది, లేదా జాలీ పైపు ప్యాకింగ్ దగ్గర గాలి లాగుతోంది. అదేంటో చూడకుండా ముందుకు పోకండి.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో వదిలేయడం పెద్ద తప్పు. రోలర్ లేని ట్యాపెట్ల ఇంజన్‌లో కొత్త క్యామ్ వేసి ఉంటే మొదటి 20 నిమిషాలు 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఉంచాలి. క్యామ్‌కు చిమ్మే ఆయిల్ ఆ వేగంలోనే సరిగ్గా అందుతుంది. రేడియేటర్ నీళ్లు, ఆయిల్ లీకులు చూడటానికి ఒక మనిషి పక్కనే ఉండాలి. గాలితో చల్లారే బుల్లెట్‌కు, స్ప్లెండర్‌కు ఈ పద్ధతి పనికిరాదు. నిలబెట్టి 20 నిమిషాలు నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. వాటిని మూడు నాలుగు నిమిషాలు నడిపి, చేయి పెట్టగలిగేంత చల్లారనిచ్చి, మళ్లీ నడిపి, రెండు మూడుసార్ల తర్వాత రోడ్డు మీదకి తీసుకెళ్లాలి.

రోడ్డు మీద రింగులు కూర్చునేది లోడ్ పడినప్పుడే. టాప్ గేరులో 40 నుంచి 60 దాకా సగం థ్రాటిల్‌తో లాగించి, థ్రాటిల్ వదిలి దానంతట అది తగ్గనివ్వండి. ఇలా 15 నుంచి 20 సార్లు. హన్మకొండ నుంచి ములుగు దారిలో ఖాళీగా ఉండే పొద్దుటిపూట దీనికి అనువు. "కొత్త ఇంజన్, మెల్లగా పోవాలె" అని వెయ్యి కిలోమీటర్లు 30 స్పీడులోనే నడిపితే రింగులు కూర్చోవు. పట్టుకుని ఫుల్ థ్రాటిల్ కొట్టినా ముప్పే.

దించిన ఆయిల్‌ను చదవడం

మొదటి ఆయిల్ ఎక్కువ కాలం ఉంచకండి. కారు, జీపులకు మొదటి 50 నుంచి 100 కి.మీ. దగ్గర ఒకసారి, 500 దగ్గర రెండోసారి, 1500 నుంచి 2000 మధ్య మూడోసారి దించండి. బైకులకు 300, తర్వాత 1000. ట్రాక్టర్‌కు 10 గంటలకు, ఆపై 50 గంటలకు. ఇంత ఖర్చా అనిపిస్తుంది. బోరింగ్, పిస్టన్, క్రాంక్ ఖర్చు పక్కన పెట్టి చూస్తే మూడు సార్ల మినరల్ ఆయిల్ చిన్న మొత్తమే.

వేడి మీదే దించండి, శుభ్రమైన తెల్ల టబ్బులోకి. ఎండలో నిలబడి టబ్బును మెల్లగా ఊపండి. మొదటిసారి దించిన ఆయిల్‌లో సన్నటి వెండి తళుకు కనిపించడం మామూలే. రెండోసారికి సగం తగ్గాలి, మూడోసారికి కనిపించకూడదు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆయిల్‌లో తిప్పండి. బూడిద రంగు మెత్తటి పేస్ట్ అంటుకుంటే అది రింగుల, సిలిండర్ అరుగుదల, మంచిదే. పీలికల్లాంటి ముక్కలు, గోరుకు తగిలే రేకులు దొరికితే ఇంజన్ ఆపేయండి. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు బుష్‌ల నుంచో బేరింగుల నుంచో వస్తోంది. ఒకసారి ఊరుకోవచ్చు, రెండోసారీ వస్తే విప్పి చూడాలి.

ఫిల్టర్‌ను హాక్సా బ్లేడుతో కోయకండి, ఆ ఇనుప రజను లోపలి కాగితంలో కలిసిపోయి భయపెడుతుంది. డబ్బా మూత కోసే కట్టర్‌తో అంచు తీసి, కాగితపు మడతలను కత్తెరతో కోసి, బయటికి పిండి, వార్తాపత్రిక మీద విప్పి పరచండి. గంటసేపు ఆయిల్ కారిపోనిచ్చి ఒక్కో మడతనూ వేలితో తడుముతూ చూస్తే ఇంజన్ లోపల ఏం జరుగుతోందో పూర్తిగా తెలుస్తుంది. జిగురు గ్యాస్కెట్ తునకలు కనిపిస్తే ఎక్కువ సిలికాన్ పూసి ఛాంబర్ బిగించారని అర్థం. అవే జాలీకి అడ్డం పడతాయి, కాబట్టి ఛాంబర్ దించి చూడటమే మేలు.

ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, హెడ్ ప్యాకింగ్ చూడండి. పెట్రోల్ వాసన కొట్టి లెవెల్ పెరిగితే కార్బొరేటర్ ఫ్లోటో, మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమో వదిలింది. ఎంత మంచి గ్రేడ్ పోసినా పెట్రోల్ కలిస్తే పలచబడిపోతుంది, ఆ స్థితిలో పది కిలోమీటర్లు కూడా నడపకండి. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొన్ని గంటల్లోనే నల్లబడటం మామూలు, మసిని పట్టుకోవడమే దాని పని.

వాడకంలో ఉన్న ఆయిల్ పరీక్షకు ఒక చుక్క చాలు. డిప్‌స్టిక్ చివర నుంచి వేడి ఆయిల్ చుక్కను బ్లాటింగ్ పేపర్ మీద వేసి, అడుగు తగలకుండా గ్లాసు మీద పెట్టి రాత్రంతా వదిలేయండి. నలుపు మెల్లగా పలచబడుతూ బయటికి పాకితే ఆయిల్‌లో ఇంకా సత్తువ ఉంది. నడిమధ్యన నల్ల మచ్చ గట్టి అంచుతో ఆగిపోతే మసిని మోసే శక్తి అయిపోయింది, మార్చేయండి.

బైకులు, ఆటోలు

స్ప్లెండర్ లాంటి బైకుల్లో, ఫోర్‌స్ట్రోక్ ఆటోల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల ముద్ర) ఎమ్ఏ లేదా ఎమ్ఏ2 అని ఉండాలి. ఎమ్‌బీ స్కూటర్లకు. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే అందులోని జారుడు మందుకు క్లచ్ జారుతుంది, ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. బోరింగ్ బాగాలేదని లేత్ షాపుతో గొడవపడే కేసుల్లో కొన్నింటికి కారణం ఇదే. స్ప్లెండర్‌కు మామూలుగా దించి పోసేటప్పటి కంటే ఇంజన్ విప్పి బిగించాక ఇంకొంచెం ఎక్కువ ఆయిల్ పడుతుంది. దానికి కాగితపు ఫిల్టర్ లేదు, క్లచ్ వైపు మూత లోపల తిరిగే ఫిల్టర్, అడుగున జాలీ ఉంటాయి. ఇంజన్ పనిలో ఆ రెండూ కడగకపోతే పాత మడ్డే కొత్త ఇంజన్‌లోకి పోతుంది. గ్రేడ్ 10డబ్ల్యూ-30 మినరల్. బోర్ చేశారని దీనికి 20డబ్ల్యూ-50 పోయడం వరంగల్‌లో ఎక్కువగా కనిపించే పొరపాటు.

పోత ఇనుము బుల్లెట్‌లో క్లచ్, గేర్‌బాక్స్‌లకు వేరే గదులు, వేరే ఆయిల్. ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 మినరల్ బాగుంటుంది. నిలిపి ఉంచిన బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు నుంచి క్రాంక్ గదిలోకి జారిపోతుంది, అప్పుడు డిప్‌స్టిక్ చూస్తే తక్కువ కనిపిస్తుంది. చూసి ఇంకో అర లీటరు పోసేస్తారు, స్టార్ట్ చేయగానే బ్రీదర్ నుంచి ఆయిల్ కక్కుతుంది. ఐదు నిమిషాలు నడిపాకే లెవెల్ చూడండి. టూ-స్ట్రోక్ బండ్లకు ఇందులో ఏదీ వర్తించదు, వాటిది పెట్రోల్‌లో కలిపే 2టీ ఆయిల్ లెక్క.

ట్రాక్టర్

మూడు సిలిండర్ల పాత ట్రాక్టర్‌కు 15డబ్ల్యూ-40, సీఐ-4 మినరల్. పాత పుస్తకాల్లో ఆయిల్ మార్పు గడువు తక్కువ రాయడానికి ఒక కారణం డీజిల్‌లోని గంధకం. అది కాలి ఆమ్లమయ్యేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బంకుల్లో వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎమ్‌కు మించదు. ఆ బాధ పోయింది కానీ మన పొలాల్లో ఇంజన్‌ను తినేది దుమ్ము. వరి నూర్పిళ్లప్పుడు, మే నెల దుక్కిలో, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి మోసే మట్టి దారుల్లో గాలిలో దుమ్ము నిండి ఉంటుంది. ఆయిల్ గిన్నె ఉండే ఎయిర్ క్లీనర్ అయితే ఆ రోజుల్లో ప్రతి 8-10 గంటలకు గిన్నె విప్పి, మడ్డి కడిగి, అదే ఇంజన్ ఆయిల్ గీత వరకే పోయండి. గీత దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌ను గాలితో పాటు లాగేసుకుని, స్టాప్ రాడ్ లాగినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

బోర్ చేసిన ట్రాక్టర్‌ను నేరుగా కరిగెటకు దించకండి. కేజ్‌వీల్స్‌తో బురదలో ముందుకు మెల్లగా, లోడ్ నిండుగా, రేడియేటర్‌కు ఊక, మట్టి పట్టి నడిచే పని అది. మొదటి 10 గంటలు సగం లోడ్ ట్రాలీ, లేదా తేలిక కల్టివేటర్. ఆ ఆయిల్ దించి ఫిల్టర్ మార్చాక రోటవేటర్, 50 గంటల ఆయిల్ మార్పు తర్వాతే కరిగెట. షెడ్డులో ఐడిల్‌లో గంటలకొద్దీ తిప్పి "సెట్" చేయడం మానుకోండి, గ్లేజింగ్‌కు అదే దగ్గరి దారి. ఇంజన్ ఆయిల్, గేర్-హైడ్రాలిక్ ఆయిల్ డబ్బాలు ఒకేలా ఉంటాయి, పోసేముందు పేరు చదవండి.

ఎంత తింటోందో కొలవండి

చదును నేల మీద బండి నిలిపి, ఆపిన పది నిమిషాల తర్వాత లెవెల్ చూసి పై గీత వరకు నింపండి. 500 కి.మీ. తర్వాత అదే చోట, అలాగే చూసి, పై గీతకు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలత గ్లాసుతో పోసి రాసిపెట్టుకోండి. ట్రాక్టర్‌కు ప్రతి 10 గంటలకు. మొదట్లో ఎక్కువే తింటుంది. అంకె ప్రతిసారీ తగ్గుతూ వస్తే రింగులు కూర్చుంటున్నట్టు. 2000 కి.మీ. దాటినా మొదటి అంకె దగ్గరే ఉంటే గ్లేజ్ పట్టింది, లేదా రింగు చీలికలు ఒకే వరసలోకి వచ్చాయి, లేదా వాల్వ్ సీళ్లు కొత్తవి వేయలేదు. స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, లోడ్ మీద ఎక్కేటప్పుడు వస్తే రింగులు. అంకె నిలకడపడ్డాక కావాలంటే సెమీ సింథటిక్‌కు మారవచ్చు. చిన్న దూరాలు తిరిగే పాత కారుకు దానివల్ల పెద్ద లాభం లేదు. ఎండలో రోజంతా నడిచే ఆటోకు, టాక్సీకి ఉంది.

కొనేటప్పుడు సీలు, తయారీ నెల, బ్యాచ్ నంబర్ చూడండి. బ్యారెల్ నుంచి లూజుగా పోసే ఆయిల్ ఎంత చవకైనా కొత్త ఇంజన్‌కు వద్దు, అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. వాడేసిన ఆయిల్‌లో పదేపదే వట్టి చేతులు పెట్టకండి, చెదలకని తలుపు చెక్కలకు, బండి కాడికి వట్టి చేతులతో పూయకండి. కాలిన ఆయిల్ చర్మానికి పదేపదే తగిలితే క్యాన్సర్ ముప్పు ఉంది. మూత బిగించిన పాత డబ్బాలో పెట్టి, వాడిన ఆయిల్ సేకరించేవాళ్లకే ఇవ్వండి. మోరీలో, పొలం గట్టు మీద పారబోయకండి.